ఛార్జా, బ్లాకా: బాస్కెట్‌బాల్‌లో చోటు తగాదా

బాస్కెట్‌బాల్‌లో ఇద్దరు ప్రత్యర్థులు ఢీకొన్నప్పుడు తప్పు ఎవరిదో తేల్చే జంట ఫౌళ్ళు ఛార్జింగ్, బ్లాకింగ్. నిబంధనల ప్రకారం చోటు పట్టుకుని నిలిచిన ఆటగాడి మొండెం మీదికి దూసుకెళ్ళినా, అతన్ని తోసినా అది ఛార్జింగ్. ప్రత్యర్థి ముందుకు సాగకుండా నిబంధనలకు విరుద్ధంగా దారికి అడ్డం వచ్చి ఢీకొంటే అది బ్లాకింగ్. మామూలుగా మొదటిది బంతితో రింగ్ వైపు దూసుకొచ్చే ఆటగాడి ఖాతాలో, రెండోది అతన్ని ఆపబోయిన డిఫెండర్ ఖాతాలో పడుతుంది. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనావళిలో ఈ రెండింటి నిర్వచనాలూ 33వ అధికరణంలో పక్కపక్కనే ఉంటాయి.

ఆటలో ఇంతగా వాదన రేపే నిర్ణయం మరొకటి లేదు. ఢీకొనడం ఒక్కటే, విజిల్ ఒక్కటే. రిఫరీ రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంటే బ్లాక్, బిగించిన పిడికిలిని తెరిచిన అరచేతికి కొడితే ఛార్జ్. అమెరికాలో ఛార్జ్‌కి ఒక చెయ్యి తల వెనక్కి పెడతారు. ఆ సైగ ఎటు పడిందన్నదాన్ని బట్టి ఒక జట్టు ఫ్రీ త్రో గీత దగ్గరికి నడుస్తుంది, లేదా బంతినే పోగొట్టుకుంటుంది. స్టాండ్స్‌లో సగం మంది ఒకటి అనుకుంటే మిగతా సగం ఇంకొకటి అనుకుంటారు. ఈ గొడవలో చాలా భాగం ఒకే అపోహ నుంచి పుడుతుంది: డిఫెండర్ కదలకుండా నిలబడి ఉంటేనే ఛార్జ్ అన్న నమ్మకం. ఏ ప్రధాన నిబంధనావళీ అలా చెప్పదు.

చోటు ఎవరిది

నిబంధనలు చూసేది కదలికను కాదు, హక్కును. ఎదుటివాడికి అడ్డుపడకుండా ముందుగా చేరుకున్నంతవరకూ కోర్టు మీద ఏ చోటైనా ఏ ఆటగాడైనా తీసుకోవచ్చు. ఆ చోటు నేల మీద పాదాలు ఆనినంత మేరతో ఆగదు. ప్రతి ఆటగాడి చుట్టూ నేల నుంచి పైకి నిటారుగా లేచే ఒక ఊహా స్తంభం ఉంటుందని ఫిబా భావిస్తుంది. ముందు అరచేతులు, వెనక పిరుదులు, పక్కల చేతుల, కాళ్ళ బయటి అంచులు దానికి హద్దులు. ఆ స్తంభంలో నిటారుగా ఎగిరే హక్కు కూడా ఆ ఆటగాడిదే. హద్దు దాటి ఒంగినా, చెయ్యి చాచినా, తుంటి బయటికి తోసినా తర్వాత జరిగే తాకిడికి బాధ్యత అతనిదే అవుతుంది. బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకోవడం లాంటి సౌకర్యం ఇక్కడ లేదు. చాచిన చెయ్యి, అడ్డంగా పెట్టిన మోకాలు చోటును పట్టి ఉంచవు. ఒళ్ళు అక్కడికి చేరాలి.

బంతి ఉన్న ఆటగాణ్ణి కాచేటప్పుడు డిఫెండర్ మొదట చేయాల్సినవి రెండు. అతనికి ఎదురుగా తిరగాలి, రెండు పాదాలూ నేల మీద ఉండాలి. ఇలా ఒకసారి నిలిస్తే అతనికి న్యాయమైన రక్షణ స్థానం దొరికినట్టే. ఆ తర్వాత దాన్ని కాపాడుకోవడానికి కదలొచ్చు. పక్కకు జరగొచ్చు, వెనక్కి అడుగులు వేయొచ్చు, నిటారుగా ఎగరొచ్చు. అలా జరిగే క్రమంలో ఒక పాదమో రెండు పాదాలో క్షణంపాటు గాలిలో ఉన్నా తప్పు లేదు. చేయకూడనిది ఒక్కటే: బంతి ఉన్నవాడి మీదికి కదలడం. ఇక దెబ్బ తగిలింది డిఫెండర్ మొండెం మీద అయితే, అతనే ముందుగా అక్కడ ఉన్నట్టు నిబంధన లెక్క వేస్తుంది. భుజం అంచు మీదో, చాచిన తొడ మీదో తగిలితే అతను ఇంకా దారిలోకి పూర్తిగా రాలేదని, అంటే ఆలస్యమయ్యాడని అర్థం. అనుభవమున్న రిఫరీ చూపు అందుకే ఛాతీ మీద ఉంటుంది. మొండెం మధ్యలో తగిలిన దెబ్బ చాలావరకు ఛార్జ్, పక్కన తగిలింది చాలావరకు బ్లాక్. ఇది నియమం కాదు, కానీ మైదానంలో దీనికంటే నమ్మదగిన గుర్తు దొరకదు.

గుద్దుకోబోయే ముందు డిఫెండర్ తన స్తంభంలోనే పక్కకు తిరిగి దెబ్బ తీవ్రత తగ్గించుకోవచ్చు, చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకోవచ్చు. అలా చేసినందుకు అతని హక్కు పోదు. పిల్లలకు ఛార్జ్ తీసుకోవడం నేర్పే కోచ్‌లు ఇక్కడే ఎక్కువ సమయం గడపాలి. గడ్డం ఛాతీకి ఆనించుకోవడం, వెనక్కి చేతులు ఆనించకుండా పిరుదుల మీద పడి జారడం అలవాటైతే మణికట్టు, తల దెబ్బతినవు. పడటం రాని పిల్లల్ని దూసుకొచ్చేవాళ్ళ ముందు నిలబడమనడం అన్యాయం.

బంతి ఉన్న ఆటగాడి విషయంలో నిబంధన మరో కఠినమైన మాట చెబుతుంది. అతన్ని కాచేవాడికి సమయం, దూరం అన్న షరతులు వర్తించవు. కనురెప్పపాటులో ఎవరైనా తన ముందుకు వచ్చి న్యాయంగా నిలవవచ్చునని బంతి పట్టినవాడు ఎప్పుడూ ఊహించుకుని ఉండాలి, ఆగడానికో దారి మార్చుకోవడానికో సిద్ధంగా ఉండాలి. ‘నాకు ఆగే అవకాశమే ఇవ్వలేదు’ అని చేతులు చాచి అడిగే ఆటగాడికి ఫిబా నిబంధనల్లో ఊరట లేదు. అతని పాదాలు నేల మీద ఉన్నంతసేపూ లేదు.

పాదాలు నేల విడిచాక

ఎగిరిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది. గాలిలో ఉన్న మనిషి దారి మార్చుకోలేడు, ఆగలేడు. అందుకే ఒక చోటి నుంచి ఎగిరిన ఆటగాడికి అదే చోట దిగే హక్కు ఉంటుంది. ఎగిరే సమయానికి దిగబోయే చోటూ, మధ్యలో ఉన్న దారీ ఖాళీగా ఉంటే మరోచోట దిగే హక్కూ ఉంటుంది. అతను ఎగిరాక ఆ దారిలోకి వచ్చిన డిఫెండర్ రెండు పాదాలూ ఎంత చక్కగా నాటుకుని నిలబడ్డా, దెబ్బ సరిగ్గా ఛాతీ మధ్యలో తగిలినా అది బ్లాకే. గాలిలో ఉన్నవాడి కాళ్ళ కిందికి జరిగి తాకిడి కలిగిస్తే అది మామూలు ఫౌల్‌తో ఆగదు. క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ఫౌల్‌గా, మరీ తీవ్రమైతే ఆటలోంచి పంపేసేదిగా కూడా పరిగణిస్తారు. ఆ కఠినత్వం అవసరమైనదే. ఎగిరినవాడి నడుము కిందికి మరొకరు చేరితే అతను తలకిందులుగా పడతాడు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎగిరినవాడు తాను దిగాల్సిన చోట సవ్యంగా దిగి, ఆ ఊపులో ముందుకు వెళ్ళి అక్కడ ముందే నిలిచి ఉన్నవాణ్ణి గుద్దితే బాధ్యత ఎగిరినవాడిదే. లేఅప్ వేసి బంతి వదిలేశాక జరిగే ఛార్జ్‌లు చాలావరకు ఇలాంటివి.

సరిగ్గా ఏ క్షణానికి డిఫెండర్ అక్కడ ఉండాలి అన్నదాని మీద ఆటను నడిపే సంస్థలు ఏకాభిప్రాయానికి రాలేదు. ఫిబాకు పాదాలు నేల విడిచే క్షణమే గీత. అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో గీత కొంచెం ముందుంటుంది. షాట్ కోసం ఆటగాడి పైకి కదలిక మొదలయ్యేసరికే డిఫెండర్ స్థానంలో ఉండాలి. అమెరికా కాలేజీ ఆటను నడిపే ఎన్‌సీఏఏ ఈ గీతను పదే పదే జరిపింది. 2013–14 సీజన్‌లో పురుషుల ఆటకు ఎన్‌బీఏ తరహా నిబంధన తెచ్చి, మరుసటి ఏడాదే మళ్ళీ సవరించింది. 2023–24 నుంచి కొత్త గీత పెట్టింది. షాట్ కోసం ఎగరడానికి ఆటగాడు చివరి పాదం నేలకు ఆనించే సమయానికే డిఫెండర్ అక్కడ ఉండాలి. ఒక అడుగు వేసే వ్యవధి చుట్టూ ఇన్ని సవరణలు జరిగాయంటేనే ఆ క్షణం ఎంత విలువైనదో తెలుస్తుంది. ఆ క్షణం ఎంత ముందుంటే దూసుకొచ్చేవాడికి అంత లాభం, ఎంత ఆలస్యమైతే కాచేవాడికి అంత లాభం.

ఈ ఫౌల్ ఎలా పుట్టింది

జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ పాఠశాల జిమ్‌లో ఈ ఆటను మొదలుపెట్టినప్పుడు అతని నియమాలు పదమూడు. అయిదో నియమం భుజంతో తోయడం, పట్టుకోవడం, నెట్టడం, కాలు అడ్డం పెట్టడం, కొట్టడం నిషేధించింది. మొదటిసారి చేస్తే ఫౌల్. రెండోసారి చేస్తే తర్వాతి గోల్ పడేదాకా ఆ ఆటగాడు బయట కూర్చోవాలి. కానీ ఛార్జ్, బ్లాక్ అన్న తేడా ఆ నియమాల్లో లేదు, అప్పుడు దాని అవసరమూ రాలేదు. బంతి పట్టుకుని పరుగెత్తడం మూడో నియమం ప్రకారం తప్పు. బంతి దొరికిన చోటి నుంచే విసరాలి. పరుగే లేనప్పుడు దూసుకెళ్ళి గుద్దడం ఎక్కడిది?

పరుగును ఆటలోకి తెచ్చింది డ్రిబ్లింగ్. 1890ల చివరికి యేల్ విశ్వవిద్యాలయం జట్టు లాంటివి బంతిని నేలకు కొడుతూ కదలడాన్ని ఆయుధంగా మార్చుకున్నాయి. అక్కడి నుంచి మూడు దశాబ్దాలు ఇది ఆటా, గుద్దులాటా అన్న చర్చ నడిచింది. 1927లో అమెరికా ఉమ్మడి నియమాల సంఘం డ్రిబ్లింగ్‌ను దాదాపు తీసేసేంత పని చేసింది. కాన్సస్ కోచ్ ఫాగ్ ఆలెన్ ముందుండి కోచ్‌లందరినీ కూడగట్టాడు. సంఘం వెనక్కి తగ్గింది. ఆ పోరాటంలోంచే జాతీయ బాస్కెట్‌బాల్ కోచ్‌ల సంఘం పుట్టింది. మరుసటి ఏడాదే, అంటే 1928–29 సీజన్‌లో, డ్రిబ్లింగ్ చేసేవాడి మీద ఛార్జింగ్ ఫౌల్ అమెరికా కాలేజీ నిబంధనల్లోకి వచ్చింది. ఈ రెండు ఘటనల్నీ విడివిడిగా చూడటం నాకు సబబుగా తోచదు. డ్రిబ్లింగ్‌ను ఉంచాలంటే డ్రిబ్లింగ్ చేసేవాడికి బాధ్యత కూడా పెట్టక తప్పలేదు. ఈ రోజు మనం చూసే వేగవంతమైన ఆట మొత్తం ఆ బేరం మీదే నిలిచింది.

  

రింగ్ కింద అర్ధవలయం

ఛార్జ్ హక్కు బలపడిన కొద్దీ దాన్ని వాడుకునే ఎత్తుగడ కూడా బలపడింది. దూసుకొచ్చేవాణ్ణి ఆపే ప్రయత్నం మానేసి, ఒక సహాయక డిఫెండర్ నేరుగా రింగ్ కిందికి వచ్చి నిలబడి గుద్దించుకునేవాడు. అక్కడ నిలబడితే షాట్‌ను అడ్డుకునే అవకాశం ఉండదు. దొరికేదల్లా ఫౌల్. ఎగిరినవాడు పడేదీ అక్కడే.

దీన్ని ఆపడానికి ఎన్‌బీఏ 1997–98 సీజన్ నుంచి రింగ్ కింద 4 అడుగుల వ్యాసార్ధంతో ఒక అర్ధవలయం గీసింది. ఫిబా 2010లో 1.25 మీటర్ల వ్యాసార్ధంతో తన కోర్టుల మీద పెట్టింది. అమెరికా కాలేజీ పురుషుల ఆటలో 2011లో 3 అడుగులతో మొదలై 2015లో 4 అడుగులకు పెరిగింది. ఆ దేశపు హైస్కూల్ నిబంధనల్లో ఇది ఈ నాటికీ లేదు. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో స్కూలు జట్టులో ఆడే తెలుగు పిల్లలు టీవీలో ఎన్‌బీఏ చూసి నేర్చుకున్న లెక్క తమ కోర్టు మీద పనిచేయదు. ఇండియాలో జరిగే పోటీలకు ఫిబా నిబంధనలే ఆధారం కాబట్టి హైదరాబాద్, విజయవాడ కోర్టుల లెక్క మళ్ళీ వేరు.

ఫిబా మాట స్పష్టంగానే ఉంది. బంతి చేతిలో ఉండి గాలిలోకి లేచిన ఆటగాడు షాట్ వేస్తున్నా పాస్ ఇస్తున్నా, డిఫెండర్ పాదాల్లో ఒక్కటైనా ఆ అర్ధవలయాన్ని తాకుతూ ఉంటే ఛార్జ్ ఇవ్వకూడదు. కానీ ఇందులో చాలామంది గమనించని మెలికలున్నాయి. మొదటిది, అర్ధవలయంలో ఉన్నంత మాత్రాన డిఫెండర్ తప్పు చేసినట్టు కాదు. ఛార్జ్ లేదంటే బ్లాక్ అని అర్థం కాదు, తాకిడిని చూసీ చూడనట్టు వదిలేసి ఆట సాగనివ్వొచ్చు. రెండోది, దూసుకొచ్చేవాడు మోచేతితో నెట్టినా, మోకాలు ఎత్తి పొడిచినా అర్ధవలయం అతన్ని కాపాడదు. మూడోది, డిఫెండర్ నిటారుగా చేతులెత్తి ఎగిరితే అక్కడ వర్తించేది స్తంభం సూత్రమే. ఇండియానా పేసర్స్ సెంటర్ రాయ్ హిబ్బర్ట్ 2012 తర్వాతి సీజన్లలో దీన్ని ఒక కళగా మార్చాడు. రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తి నిటారుగా లేచేవాడు. వచ్చి గుద్దుకున్నవాళ్ళకు ఫౌల్ దొరికేది కాదు.

ఎన్‌బీఏ మరో తేడా పాటిస్తుంది. అక్కడ అర్ధవలయం ప్రధానంగా సహాయానికి వచ్చే రెండో డిఫెండర్ కోసమే. మొదటి నుంచీ బంతి ఉన్నవాణ్ణి కాస్తూ వచ్చినవాడు వెనక్కి జరుగుతూ జరుగుతూ అర్ధవలయంలోకి వచ్చినా ఛార్జ్ పొందే హక్కు పోగొట్టుకోడు. ఫిబా ఈ తేడా చూడదు.

అర్ధవలయం ఒక మ్యాచ్ తలరాతనే ఎలా మార్చగలదో 2013 మార్చి 24న ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో కనిపించింది. అయోవా స్టేట్ ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉంది. ఆట ముగియడానికి రెండు నిమిషాల లోపే ఉంది. ఆ జట్టు ఆటగాడు విల్ క్లైబర్న్ దూసుకెళ్ళి బాస్కెట్ వేశాడు. ఒహాయో స్టేట్ గార్డ్ ఆరన్ క్రాఫ్ట్ అడ్డంగా నిలిచి పడ్డాడు. రిఫరీ ఛార్జ్ ఇచ్చి బాస్కెట్ రద్దు చేశాడు. క్రాఫ్ట్ మడమ అర్ధవలయం గీత పైన, గాలిలో ఉన్నట్టు రీప్లేలో కనిపించింది; ఆ లెక్కన అది ఛార్జ్ కాకూడదు. ఆఖరి సెకనులో అదే క్రాఫ్ట్ మూడు పాయింట్ల షాట్ వేసి తన జట్టును 78–75తో గెలిపించాడు.

బంతి లేనివాళ్ళ మధ్య

ఈ ఫౌళ్ళు బంతి దగ్గరే జరగాలని లేదు. బంతి లేని ఆటగాణ్ణి కాచేటప్పుడు సమయం, దూరం రెండూ లెక్కకు వస్తాయి. ఎదుటివాడి వేగాన్ని బట్టి దూరం వదలాలి, అది మామూలు అడుగు కంటే తగ్గకూడదు. బంతిని పట్టించుకోకుండా ప్రత్యర్థి ఎటు జరిగితే అటు జరుగుతూ అడ్డుపడేవాడిదే తాకిడికి ప్రధాన బాధ్యత. దాడి చేస్తున్న జట్టువాడు కూడా బ్లాకింగ్ చేయగలడు. స్క్రీన్ పెట్టిన, అంటే సహచరుడి కోసం డిఫెండర్ దారిలో నిలిచిన ఆటగాడు, కదులుతూ అతనికి అడ్డు తగిలితే అది దాడి జట్టు చేసిన బ్లాకింగే. పరుగెత్తుతున్న ప్రత్యర్థికి స్క్రీన్ పెట్టేవాడు అతను ఆగడానికో పక్కకు తప్పుకోవడానికో ఒకటి రెండు అడుగుల ఎడం ఇవ్వాలి.

శిక్షలు

షాట్ వేస్తుండగా బ్లాక్ అయితే, బంతి పడకపోతే రెండు ఫ్రీ త్రోలు (మూడు పాయింట్ల గీత వెలుపల అయితే మూడు), పడితే ఆ పాయింట్లతో పాటు ఒకటి. షాట్ లేనప్పుడు జరిగిన బ్లాక్‌కు ఫిబా ఆటలో గీత బయటి నుంచి బంతి ఇస్తారు, క్వార్టర్‌లో జట్టుకు అయిదో ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు. ఛార్జ్ అయితే బంతి ఎదుటి జట్టుకు పోతుంది, ఫ్రీ త్రోలు ఉండవు. ఎవరి మీద పడ్డా అది వ్యక్తిగత ఫౌల్ కిందే లెక్క. ఫిబాలో అయిదు, ఎన్‌బీఏలో ఆరు నిండితే ఆటగాడు బయటికి.

షాట్ వదిలేశాక గుద్దితే ఏమవుతుందన్నది ఆసక్తికరమైన తేడా. ఫిబా లెక్కలో బంతి చెయ్యి వదలగానే అది ఆ జట్టు స్వాధీనంలో ఉన్నట్టు కాదు. కాబట్టి బంతి పడితే పాయింట్లు చెల్లుతాయి, ఫౌల్ కూడా పడుతుంది. అమెరికా హైస్కూల్ ఆటలో షూటర్ ఇంకా గాలిలో ఉండగా ఛార్జ్ చేస్తే వేసిన బాస్కెట్ కూడా రద్దు.

రిఫరీ కన్ను

రిఫరీలకు ఇచ్చే శిక్షణలో మొదటి పాఠం బంతిని చూడకు, డిఫెండర్‌ను చూడు అని. తాకిడి జరిగాక ఎవరెటు పడ్డారో చూస్తే నిర్ణయం తప్పుతుంది. తాకిడికి ముందే డిఫెండర్ పాదాలు ఎప్పుడు ఆనాయో, మొండెం ఎటు తిరిగిందో పట్టుకుని ఉండాలి. ప్రేక్షకులకు అది కనిపించదు. వాళ్ళ కళ్ళు బంతి మీదే ఉంటాయి, ఉండాలి కూడా. ఇద్దరు రిఫరీలు ఒకేసారి విజిల్ ఊది ఒకరు ఛార్జ్ అని, ఒకరు బ్లాక్ అని సైగ చేసే ఇబ్బంది కూడా వస్తుంది. అమెరికాలో దాన్ని ‘బ్లార్జ్’ అంటారు. హైస్కూల్ ఆటలో అలా జరిగితే ఇద్దరు ఆటగాళ్ళ మీదా ఫౌల్ రాయక తప్పదు. అందుకే ముందు విజిల్ ఊది పిడికిలి ఎత్తాక, తోటి రిఫరీ వైపు చూసి, ఆ తర్వాతే సైగ చేయమని నేర్పుతారు.

రీప్లే వచ్చాక కూడా వాదన తగ్గలేదనడానికి 2018 ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి మ్యాచ్ గట్టి సాక్ష్యం. మే 31న ఓక్లండ్‌లో క్లీవ్‌లండ్ 104–102తో ముందుంది. 36.4 సెకన్లు మిగిలాయి. గోల్డెన్ స్టేట్ ఆటగాడు కెవిన్ డ్యురంట్ దూసుకొస్తుంటే లెబ్రాన్ జేమ్స్ అడ్డం వచ్చి పడ్డాడు. రిఫరీ ఛార్జ్ ఇచ్చాడు. అప్పటి నిబంధన ప్రకారం చివరి రెండు నిమిషాల్లో డిఫెండర్ అర్ధవలయంలో ఉన్నాడో లేదో అనుమానం వస్తే రీప్లే చూడొచ్చు. చూడటం మొదలుపెట్టాక స్థానం న్యాయమైనదేనా అన్నది కూడా తేల్చొచ్చు. జేమ్స్ అర్ధవలయానికి బాగా దూరంగానే ఉన్నాడు. కానీ డ్యురంట్ పైకి లేచేసరికి అతను ఇంకా స్థానంలోకి చేరలేదని రిఫరీలు నిర్ణయం తిప్పి బ్లాక్ ఇచ్చారు. డ్యురంట్ రెండు ఫ్రీ త్రోలూ వేసి స్కోరు సమం చేశాడు. నాలుగో క్వార్టర్ 107–107తో ముగిసి, అదనపు సమయంలో గోల్డెన్ స్టేట్ 124–114తో గెలిచింది. ఆ రాత్రి 51 పాయింట్లు వేసిన జేమ్స్ జట్టు ఓడింది. తుది నిర్ణయం నిబంధనకు దగ్గరగానే ఉందని నా అభిప్రాయం. అయితే అర్ధవలయం అనుమానమే లేని చోట ఆ అనుమానం పేరుతో రీప్లేకి వెళ్ళడం క్లీవ్‌లండ్ వాళ్ళకు మింగుడు పడకపోవడంలో ఆశ్చర్యం లేదు. 2019–20 నుంచి ఎన్‌బీఏలో కోచ్‌కు ఛాలెంజ్ అవకాశం వచ్చింది. ఇప్పుడు ఇలాంటి నిర్ణయాన్ని దొడ్డిదారి లేకుండా నేరుగా ప్రశ్నించవచ్చు.

పడటం, పడినట్టు నటించడం

ఛార్జ్ పొందాలంటే పడాల్సిన అవసరం లేదు. తాకిడి న్యాయమైన స్థానం మీద జరిగితే, దానివల్ల డిఫెండర్‌కు నష్టం జరిగితే, నిలబడ్డవాడికీ ఫౌల్ రావాలి. కానీ పడకపోతే విజిల్ రాదన్న అనుభవం ఆటగాళ్ళకు పడటం నేర్పింది. పడటం నుంచి నటించడానికి దూరం కొంచెమే. సెర్బియా సెంటర్ వ్లాడే డివాచ్ పేరు ఈ సందర్భంలో అమెరికాలో తరచు వినిపించేది. ఎన్‌బీఏ 2012–13లో నటనకు జరిమానాలు మొదలుపెట్టింది. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 5,000 డాలర్లు, అయిదోసారికి 30,000. మ్యాచ్ అయిపోయాక పడే జరిమానా మ్యాచ్‌ను మార్చదు కాబట్టి 2023–24 నుంచి ఆటలోనే టెక్నికల్ ఫౌల్ ఇచ్చి ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో ఇస్తున్నారు. ఫిబా ఆటలో మొదట హెచ్చరిక, మళ్ళీ చేస్తే టెక్నికల్ ఫౌల్.

నటించేవాళ్ళ వల్ల నిజంగా దెబ్బ తిని చోటు నిలబెట్టుకున్నవాళ్ళకు రావాల్సిన మర్యాద తగ్గకూడదు. డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన షేన్ బాటియర్, టర్కీ ఫార్వర్డ్ ఎర్సాన్ ఇల్యాసోవా, గార్డ్ కైల్ లౌరీ ఎదుటి ఆటగాడు ఎటు అడుగు వేస్తాడో అతనికంటే ముందే ఊహించి అక్కడ ఉండగలిగినవాళ్ళు. అది ఒంటి బలం కంటే ఆటను చదవగల తెలివి మీద ఎక్కువ ఆధారపడ్డ నేర్పు. 2016 నుంచి ఎన్‌బీఏ ఎవరు ఎన్ని ఛార్జ్‌లు పొందారో అధికారికంగా లెక్కపెడుతోంది.

తీసేయాలన్న వాదన

2023 ఏప్రిల్ 16న ఒకే రోజు రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లో ఇద్దరు పెద్ద ఆటగాళ్ళు గాయపడ్డారు. మయామీ ఆటగాడు కెవిన్ లవ్ ఛార్జ్ కోసం అడ్డం రాగా, మిల్వాకీ ఆటగాడు యానిస్ అంటెటోకున్‌పో వీపు కింది భాగం నేలకు కొట్టుకునేలా పడ్డాడు. మెంఫిస్ గార్డ్ జా మొరాంట్ రింగ్ దగ్గర ఆంథొనీ డేవిస్‌ను ఢీకొని పడి కుడి చెయ్యి దెబ్బ తిన్నాడు. ఇద్దరూ తర్వాతి మ్యాచ్ ఆడలేకపోయారు. ఛార్జ్‌ను ఆటలోంచి తీసేయాలన్న పాత డిమాండ్ ఆ వారంలో మళ్ళీ గట్టిగా వినిపించింది. ఎగిరి డంక్ చేసేవాణ్ణి ఎదుర్కోవడానికి తానూ ఎగిరి షాట్ అడ్డుకోవడం ఒక్కటే న్యాయమైన మార్గమని, కింద నిలబడి గుద్దించుకోవడం రక్షణ కాదని ఆ వాదన.

ఈ వాదనలో పస ఉంది, కానీ అది అసలు కావలసినదానికంటే ఎక్కువ అడుగుతుంది. ఛార్జ్ పూర్తిగా పోతే, అయిదున్నర అడుగుల గార్డ్‌కు ఏడడుగుల మనిషి ముందు మిగిలే హక్కు ఏదీ లేదు. దూసుకొచ్చేవాడి బరువే నిబంధన అవుతుంది. గాయాలు జరుగుతున్నది ఆలస్యంగా వచ్చిన డిఫెండర్ల వల్ల, అదీ ఎక్కువగా రింగ్ దగ్గర. కాబట్టి మార్చాల్సింది డిఫెండర్ ఎప్పటికి అక్కడ ఉండాలన్న క్షణాన్ని, అర్ధవలయం కొలతను. ఎన్‌సీఏఏ 2023లో చేసింది మొదటి రకం మార్పే. ఎగరడానికి పాదం ఆనించే సమయానికే డిఫెండర్ సిద్ధంగా ఉండాలంటే, ఆఖరి క్షణంలో కింద దూరేవాడికి ఇక ఛార్జ్ దొరకదు. ముందే చదివి ముందే చేరినవాడికి మాత్రం దొరుకుతుంది.